వెనక నడిచే మనిషి

బుధవారం సాయంత్రం వాట్సాప్‌లో ఆ మెసేజ్ చూసిన దగ్గర్నుంచి ఛాయాదేవికి ఒళ్ళు మండిపోతోంది. మండదా మరి? మూడేళ్ళుగా ఆదివారం వస్తే చాలు, తెల్లారకముందే లేచి కొండపల్లి కొండల్లో కాళ్ళరిగేలా తిరిగిన మనిషి. ఏ దారి ఎక్కడ చీలుతుందో, ఏ బండ మీద కాలేస్తే జారుతుందో, ఏ మలుపు తిరిగితే కృష్ణ మొదటిసారి కనబడుతుందో ఆమెకి తెలిసినట్టు ఆ బృందంలో ఎవరికి తెలుసు? అలాంటిది, ఏడాదికోసారి జరిగే పెద్ద నడకకి ముందు నడిచే మనిషిగా ఎవర్ని పెట్టారయ్యా అంటే, ఉషని. నిన్నగాక మొన్న వచ్చిన ఉషని. పోనీ ఎవరో పరాయి మనిషయితే సరిపెట్టుకునేదేమో. సొంత తోడికోడలు!

ఇద్దరిదీ గుణదలలో ఒకే అపార్ట్‌మెంట్. పెద్దకోడలు ఛాయాదేవి మూడో అంతస్తులో, చిన్నకోడలు ఉష రెండో అంతస్తులో. భర్తలు పామర్రు దగ్గర పొలాలు కౌలుకిచ్చేసి ఆటోనగర్లో ట్రాక్టర్ విడిభాగాల కొట్టు నడుపుకుంటున్నారు. ఇరవై ఆరేళ్ళలో తోడికోడళ్ళు గొంతు పెంచి మాట్లాడుకున్నది ఒక్కసారి కూడా లేదు. సొంత అక్కచెల్లెళ్ళు కూడా ఇంత బాగుండరమ్మా అని చుట్టాలు మెచ్చుకుంటారు. ఛాయాదేవి కడుపులో ఏముందో చుట్టాలకేం తెలుసు? అత్తగారు బతికున్నన్నాళ్ళూ తాళాలు పెద్దకోడలికిచ్చింది, కబుర్లు మాత్రం చిన్నకోడలితో చెప్పుకుంది. పండక్కి వచ్చిన పిల్లలు పెద్దమ్మకి దణ్ణం పెట్టి పిన్ని పక్కన చేరేవాళ్ళు. ఉష ఏం చేసిందని? ఏమీ చెయ్యలేదు. అదే ఛాయాదేవికి మంట. తిట్టడానికి ఒక్క తప్పయినా చేసి చావదు ఆ మనిషి.

అందుకే ఛాయాదేవికి కొండ అంత ముద్దయింది. షుగరుందని తేలాక డాక్టరు నడవమంటే ముందు కాలవ గట్టు మీద నడిచింది. రోజూ అదే నీళ్ళు, అదే తూటికాడ, విసుగొచ్చింది. కాలేజీలో తనతో చదువుకున్నావిడ ఒకరు ఆదివారం నడక బృందంలో చేర్చారు. పల్లపు నేలలో పుట్టి గడ్డివామి కంటే ఎత్తయినది ఎక్కని మనిషి, మొదటిరోజు ఆయాసపడుతూ పైకెక్కి వెనక్కి తిరిగి చూసింది. కింద లోయ, లోయకవతల థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, వాటికవతల ఎండలో మెరుస్తూ కృష్ణ, ఆపైన చూపానినంత మేరా పచ్చటి మడి చెక్కలు. ఇటు తిరిగితే కొండ వెనక కొండ. ఇదంతా ఇన్నాళ్ళూ ఇంటికి గంట దూరంలో ఉందా అనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంటికొచ్చి ఒక్కరికీ ఆ మాట చెప్పలేదు. చెబితే పంచుకోవాల్సొస్తుంది కదా.

ఆర్నెల్ల కిందట ఉష మేడెక్కి వచ్చి, అక్కా నేనూ రానా అని అడిగింది. రావద్దనడానికి నోరు రాలేదు. రెండు వారాలు ఆయాసపడి తనే మానేస్తుందిలే అనుకుంది ఛాయాదేవి. మానలేదు సరిగదా, మూడో నెల తిరిగేసరికి బృందంలో అందరి నోటా ఉషగారు, ఉషగారు! ఛాయాదేవి గబగబా నడిచిపోయి పైనుంచి, ఎంతసేపండీ అని కసిరే రకం. ఉష ఆయాసపడేవాళ్ళ పక్కన ఆగి, వాళ్ళ సంచీ తన భుజానికి తగిలించుకుని, వాళ్ళ పిల్లల పేర్లు అడిగి, ఆ పేర్లు వచ్చే వారానికి గుర్తుపెట్టుకునే రకం. జనానికి ఇంకేం కావాలి?

బృందాన్ని నడిపే లక్ష్మీకాంత్ గారు థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూములో పాతికేళ్ళు చేసి రిటైరయ్యాడు. అక్కడి పద్ధతులన్నీ తెచ్చి కొండ మీద పెట్టాడు. వాటిలో ముఖ్యమైనది ఒకటుంది. ముందు నడిచే మనిషి దారి చీలిన ప్రతిచోటా ఆగి, తను పోబోయే వైపు చెయ్యెత్తి చూపించి, గట్టిగా పది లెక్కపెట్టాలి. అందరికంటే వెనక నడిచే మనిషి మెళ్ళో విజిలుంటుంది. ఆ దారి తప్పనుకుంటే పది అయ్యేలోగా విజిల్ ఊదాలి. ఊదితే ఎవరూ కదలకూడదు. ఊదకపోతే దారి సరైందని వెనక మనిషి ఒప్పుకున్నట్టే. మిషను తిప్పే ముందు ఇద్దరు ఒప్పుకోవాలండీ, ఒకడి కన్ను పొరబడొచ్చు, రెండో కన్ను ఉండాలి అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ విసుగు లేకుండా చెబుతాడాయన. అందుకే వెనక ఎప్పుడూ దారులు బాగా తెలిసినవాళ్ళనే పెడతాడు. ఈసారి వెనక మనిషి ఛాయాదేవి అని ఆ మెసేజ్‌లోనే రాశాడు. అది గౌరవమని ఆయన ఉద్దేశం. ఛాయాదేవికి మాత్రం పెళ్ళిభోజనాల్లో ఆఖరి బంతిలో కూర్చోబెట్టినట్టనిపించింది.

ఇంకో సంగతుంది, అది ఎవరికీ తెలియదు. ముందు మనిషిగా తననే పెడతారన్న నమ్మకంతో ఛాయాదేవి ఆ బుధవారం పొద్దున్నే ఒంటరిగా వెళ్ళి దారంతా చూసుకొచ్చింది. నడక ముగిసే కొండపల్లి కోటకి అరగంట దూరంలో జంటబండలని రెండు పెద్ద రాళ్ళున్నాయి. అక్కడ దారి చీలుతుంది. కుడిది నిటారుగా, ముళ్ళకంపల మధ్య నుంచి ఎక్కుతుంది. ఎడమది వాగు ఒడ్డు వెంబడి సాపుగా, వెడల్పుగా చుట్టు తిరిగి పోతుంది. రెండూ కోటకే చేరతాయి. చేరేవి. ఆ ఏడు వానలకి బుడమేరు వాగు బెజవాడ మీద పడ్డప్పుడే కొండలూ నానిపోయాయి. ఎడమ దారిలో పది నిమిషాలు నడిచాక ఒక మలుపుంటుంది. ఆ మలుపు దాటగానే ఒడ్డు కింది మట్టంతా కూలి లోయలోకి పోయింది. పైన గడ్డి మొలిచిన పెచ్చు మాత్రం మిగిలింది. చూడ్డానికి నేలలాగే ఉంది. ఛాయాదేవి కర్రతో పొడిస్తే కర్ర అవతలికి దిగబడింది. కర్ర లాక్కుని వెనక్కి వచ్చేసింది.

ఇంటికొచ్చాక, సాయంత్రం బృందానికి చెబుదామని, జంటబండల దగ్గర ఎడమ దారి తెగిపోయిందండీ, ఎవరూ అటు పోకండి అని టైపు చేసింది. పంపేలోగా లక్ష్మీకాంత్ గారి మెసేజ్ వచ్చిపడింది. దాని కింద చప్పట్లు, పూలు, దణ్ణాలు వరసగా. ఛాయాదేవి అవన్నీ చూసింది. తర్వాత తను రాసింది ఒక్కో అక్షరం చెరిపేసింది. ముందు నడిచేవాళ్ళే చూసుకుంటారులే అనుకుంది.

ఆదివారం ఇద్దరూ ఒకే కార్లో వెళ్ళారు. డ్రైవర్ బండి తోలుతుంటే, ఉష దారి పొడుగునా అక్కా అక్కడ నీళ్ళుంటాయా, అక్కా ఆ దిగుడు దగ్గర కొత్తవాళ్ళని ఎలా దించాలి అని అడుగుతూనే ఉంది. ఛాయాదేవి అన్నిటికీ జవాబు చెప్పింది. జంటబండల గురించి ఉష అడగలేదు, ఛాయాదేవి చెప్పలేదు. అడగందే చెప్పడానికి నాకేం పట్టింది అని కిటికీ వైపు తిరిగింది.

మొత్తం ఇరవై ఇద్దరు. అందులో తొమ్మిదిమంది కొత్తవాళ్ళు. వాళ్ళల్లో సంపూర్ణమ్మ అని అరవై దాటినావిడ, బందరు నుంచి కొడుకింటికి వచ్చి, కోడలు వద్దంటున్నా బూట్లు కొనుక్కుని మరీ వచ్చింది. ఉష ఆవిణ్ణి తన వెనకే ఉండమంది. మంచు విడుతుంటే నడక మొదలయింది. మొదటి ఎక్కుడు దాటి లోయ కనబడేసరికి కొత్తవాళ్ళంతా ఆగిపోయి ఒకటే కేరింతలు. సంపూర్ణమ్మ రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుని, ఉషమ్మా నీ దయవల్ల చూశానే అంది. ఆ మాట వెనకదాకా వినబడింది. ఛాయాదేవి చేతికర్రని నేలకేసి పొడిచింది. కొండ ఉషదా? ఉష తెచ్చి ఇక్కడ పెట్టిందా? మూడేళ్ళలో ఒక్క మనిషయినా నీ దయవల్ల అని తనతో అనలేదే! అనేటంతగా తను ఎవరికయినా ఏమయినా చూపించిందా అన్న ఆలోచన కూడా వచ్చింది గానీ, దాన్ని దగ్గరికి రానివ్వలేదు.

జంటబండలు వచ్చాయి. ఉష ఆగింది. కుడివైపు ముళ్ళకంపల్ని చూసింది, వెనక కొత్తవాళ్ళ మొహాలు చూసింది. ఎడమవైపు వాగు గట్టు చక్కగా, నడవమన్నట్టు కనబడుతోంది. డెల్టా మనిషికి ఎవరికయినా కాలు అటే లాగుతుంది. మన వైపు గట్టంటే నిలబడేదని అర్థం. బుడమేరు గట్టు తెగి సగం ఊరు మునిగినా సరే, గట్టు మీద నమ్మకం మాత్రం పోదు మనకి. ఉష ఎడమ చెయ్యెత్తింది. వెనక్కి తిరిగి ఛాయాదేవి వైపే చూస్తూ లెక్క మొదలుపెట్టింది.

ఒకటి. ఛాయాదేవి చెయ్యి విజిల్ మీదకి పోయింది. రెండు, మూడు. ఊదితే ఏమవుతుంది? ఉష నవ్వుతుంది, థాంక్సక్కా అంటుంది, అందరూ చూడండి ఎంత బాగా కలిసుంటారో అనుకుంటారు. నాలుగు, ఐదు. ఊదకపోతే? పది నిమిషాలు నడిచి దారి లేక నిలబడిపోతుంది. ఇరవైమందిని వెనక్కి తిప్పుకుని రావాలి. ఒక్కసారి, జీవితంలో ఒక్కసారి ఆ మనిషి మొహం నలుగురిలో చిన్నబోతే చూడాలని ఉంది. ఆరు, ఏడు. ఎవరికీ ఏమీ కాదులే, కళ్ళున్నాయి కదా వాళ్ళకి. ఎనిమిది. తనేం చెయ్యలేదు, ఊరికే నిలబడింది, అంతే. తొమ్మిది. ఉష ఇంకా చూస్తూనే ఉంది. పది.

ఉష నవ్వి చెయ్యి దించి ఎడమకి తిరిగింది.

నాలుగు నిమిషాలు గడిచాక గానీ ఛాయాదేవికి భయం మొదలవలేదు. కర్ర దిగబడిన చోటు కళ్ళ ముందుకొచ్చింది. పైన పచ్చగడ్డి, కింద ఏమీ లేదు. కళ్ళున్నవాళ్ళకి కూడా కనబడేది కాదది. ఇప్పుడయినా ఊదొచ్చు కదా? ఊదితే, ఇందాకెందుకు ఊదలేదంటారు. ఏం చెప్పాలి? ఆ జవాబు వెతుక్కుంటూ ఇంకో నాలుగు నిమిషాలు నడిచింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, మనుషుల ప్రాణాల కంటే ఆ జవాబే ఆమెకి ముఖ్యమయింది. ముందువాళ్ళు మలుపు తిరిగారు.

కేక వినబడింది. ఆ వెంటనే రాళ్ళు దొర్లిన చప్పుడు.

"ఎడమ పక్క ఎవరూ కాలెయ్యకండి! గడ్డి కింద మట్టి లేదు!" ఛాయాదేవి ఉన్నచోటి నుంచే అరిచి, మనుషుల్ని తోసుకుంటూ పరుగెత్తింది.

మలుపు తిరిగేసరికి ఉష రాళ్ళ మీద బోర్లా పడుకుని ఉంది. ఆమె చేతికి సంపూర్ణమ్మ వేలాడుతోంది. నడుం దాకా గాల్లో, ఒక కాలు ఏదో వేరుకి తట్టుకుని. ఇద్దరు మగవాళ్ళు ఉష కాళ్ళు పట్టుకున్నారు. లక్ష్మీకాంత్ గారు పాకుతూ వెళ్ళి రెండో చెయ్యి అందుకున్నాడు. పైకి లాగేసరికి సంపూర్ణమ్మ చీలమండ వాచిపోయింది, ఉష మోచేతి కింద రాయి కోసుకుని రక్తం ధారగా కారుతోంది. సంపూర్ణమ్మ ఏడవలేదు. కొత్త బూటొకటి లోయలోకి పోయిందని మాత్రం రెండుసార్లు చెప్పింది. ఉష లేచి కూర్చుని ఛాయాదేవి వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపో లేదు గానీ ఛాయాదేవి తట్టుకోలేక, కట్టు కట్టడానికి తన చున్నీ చింపే పనిలో పడింది.

వెనక్కి వచ్చి, కుడి దారి పట్టి, సంపూర్ణమ్మని చేతుల మీద ఎత్తుకుని కోట చేరేసరికి గంటన్నర పట్టింది. కోట దాకా తారు రోడ్డుంది కాబట్టి ఆవిడ కొడుకు కారేసుకుని వచ్చి తీసుకెళ్ళిపోయాడు. పోతూ పోతూ, బాధ్యత లేకుండా ముసలివాళ్ళని ఎలా తీసుకొస్తారండీ అని ఉష మొహం మీదే అనేశాడు. తప్పు నాదేనండీ అంది ఉష.

ఇడ్లీ పొట్లాలు విప్పుకున్నారు గానీ ఎవరికీ సయించలేదు. గొణుగుడు మొదలయింది. మంచితనం వేరు, దారి తెలియడం వేరు అన్నారొకరు. ముందు వచ్చి చూసుకోవద్దా అన్నారింకొకరు. మరి విజిల్ సంగతేంటి అని ఎవరో అడిగారు. బ్యాంకులో పనిచేసే చక్రి అనే కుర్రాడు, పాపం ఛాయాదేవి గారు అంత వెనకనున్నారు, ఎటు చూపించిందీ కనబడి ఉండదండీ అని తనే జవాబు కూడా చెప్పేశాడు. లక్ష్మీకాంత్ గారు గొంతు సవరించుకున్నాడు. పొరపాటు తనదేననీ, ఇక మీదట ముందు నడిచేది ఛాయాదేవిగారేననీ, ఈ మాట ఎప్పుడో చెప్పాల్సిందనీ అన్నాడు. చాలామంది తలలూపారు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

అయిపోయింది. కావలసినదంతా వచ్చేసింది. ఉష మొహం నలుగురిలో చిన్నబోయింది, ముందు చోటు దక్కింది, అడగకుండానే అబద్ధం కూడా ఎవరో ఆడి పెట్టారు. తను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. అది ఇందాక చేసిన పనే కదా, ఇంకోసారి చేస్తే సరి.

ఉష గోడ పక్క నుంచి లేచి వచ్చింది. చేతికి కట్టిన గుడ్డ ఎర్రగా తడిసి ఉంది. రెండో చేత్తో ఇడ్లీ పొట్లం అందించి, తినండక్కా, షుగర్ మాత్ర వేసుకున్నారు కదా, కళ్ళు తిరుగుతాయి అంది. పొట్లం అందుకోవడానికి ఛాయాదేవికి చెయ్యి రాలేదు. లేచి నిలబడింది.

"నాకు కనబడింది" అంది. మొదటిసారి ఎవరికీ వినబడలేదు. "లక్ష్మీకాంత్ గారూ, నాకు కనబడింది. అక్కడ తెగిపోయిందని బుధవారమే వచ్చి చూశాను. తెలిసే ఊదలేదు."

ఎందుకమ్మా అన్నాడాయన, నమ్మలేనట్టు.

"ఉషంటే కుళ్ళు నాకు. మీరు దాన్ని ముందు పెట్టారని."

యాభై నాలుగేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఇరవైమంది ముందు ఆ మాట అనడం ఎలా ఉంటుందో అన్నవాళ్ళకే తెలుసు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక్కొక్కరే మొహం తిప్పుకుని పొట్లాలు మడుచుకోవడం మొదలుపెట్టారు. చక్రి మొహమయితే చూడలేకపోయింది. లక్ష్మీకాంత్ గారు, మా స్టేషన్లో అయితే అలాంటి మనిషిని మళ్ళీ గేటు దాటి లోపలికి రానివ్వమండీ అన్నాడు. మీరు ఇక రావద్దని ఆయన విడిగా చెప్పాల్సిన అవసరం లేకపోయింది. కొండ పోయింది ఛాయాదేవికి. ఉష మాత్రం ఇడ్లీ పొట్లం ఛాయాదేవి పక్కన పెట్టి, సంచీ సర్దుకోవడానికి వెళ్ళింది.

రోడ్డు వెంబడి దిగి కింద బస్టాపు దగ్గరికి వచ్చాక అందరూ చెదిరిపోయారు. కారు అక్కడే ఉంది. ఉష కారెక్కకుండా బస్టాపులో నిలబడింది. ఛాయాదేవి దగ్గరికి వెళ్ళి, చెయ్యి కుట్లు వేయించాలి, ఎక్కు అంది. బస్సులో వస్తానంది ఉష.

"నేను చెప్పినప్పుడు నువ్వు ఉలిక్కిపడలేదు. నీకు ముందే తెలుసా?"

"మలుపు ఇవతల నించే కేకేశారు కదక్కా, గడ్డి కింద మట్టి లేదని. చూడకుండా ఎలా తెలుస్తుంది?"

"మరి వాళ్ళంతా నిన్నంటుంటే ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెబుతారేమోనని చూశా." ఉష రోడ్డు వైపు తిరిగింది. "కుళ్ళు నాకు మాత్రం లేదనుకున్నారా? ఇంట్లో మీరొక మాటంటే అందరూ వింటారు. నేనంటే నవ్వుతారు. ఇరవై ఆరేళ్ళు కుళ్ళుకున్నా మీ మీద. కానీ మీరు పడిపోయే చోట నోరు మూసుకుని నిలబడటం నాకెప్పుడూ తోచలేదక్కా."

కోపంగా అని ఉంటే ఛాయాదేవి ఏదో ఒకటి అనగలిగేది. ఉష కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తక్కువయిందని చెప్పినట్టు చెప్పింది.

బస్సు వచ్చింది. ఉష ఎక్కింది. ఛాయాదేవి డ్రైవర్ని కారు తీసుకుని పొమ్మని చెప్పి, కదులుతున్న బస్సుని ఆపించి తనూ ఎక్కింది. లోపల కిటకిటలాడుతోంది. ఉషకి కిటికీ పక్క చోటు దొరికింది. ఛాయాదేవి రెండు సీట్ల వెనక కడ్డీ పట్టుకుని నిలబడింది. గొల్లపూడిలో ఉష పక్కన కూర్చున్నావిడ దిగిపోయింది. ఉష వెనక్కి తిరిగి ఛాయాదేవిని ఒకసారి చూసింది. ఖాళీ అయిన చోట తన సంచీ పెట్టుకోలేదు, కూర్చోమని కూడా అనలేదు. గాయం తగిలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఛాయాదేవి బెజవాడ బస్టాండు దాకా నిలబడే వచ్చింది.